మబ్బులో ఉరుము

జడ్జి దావీదురాజు కవరు మీది లక్కను కత్తితో తానే పగలగొట్టాడు. ముక్కలు బల్ల మీద పడ్డాయి. 

కవరు మీద "అత్యంత గోప్యము" అని ముద్ర ఉంది. దాన్ని తెరిపించింది బూదిగుంట గ్రామానికి చెందిన హులిగెమ్మ. కూలి చేసుకునే మనిషి. వేలిముద్ర వేసి అర్జీ పెట్టింది. ప్రభుత్వం రెండుసార్లు కాదంది. ఇప్పుడు ఒక జడ్జి ఆమె కోసం సర్కారు లక్కను పగలగొట్టాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని రెండు చేతులూ జోడించింది. ఎవరికి మొక్కుతోందో ఆమెకే తెలియదు.

అది 1955 మే నెల. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు కాలేదు. ప్రభుత్వ కాగితాలకు నకలు అడిగి లేదనిపించుకున్నవాళ్ల ఫిర్యాదులు వినడానికి కర్నూల్లో ఈ ట్రిబ్యునల్ పెట్టారు. చాలామంది పొలం కాగితాల కోసం వచ్చేవారు. హులిగెమ్మ భర్త కోసం వచ్చింది.

ఆమె భర్త మారెన్న బూదిగుంట చెరువుకు నీరుగంటి. తూము తీయడం, మూయడం అతని పని. కిందటి అక్టోబరులో చెరువు కట్ట తెగి దిగువ వాడలో పదకొండు మంది పోయారు. మారెన్న పారతో కట్ట కోశాడని కేసు పెట్టారు. యావజ్జీవ శిక్ష పడింది. గుంటూరు హైకోర్టులో అప్పీలుకు సోమవారం ఆఖరు. కట్ట ఎలా తెగిందో ఇద్దరు అధికారులు విచారించి రాసిన నివేదిక ఆ కవర్లో ఉంది. అది చేతికి రాకపోతే అప్పీల్లో చెప్పడానికి ఏమీ లేదని వకీలు ఆమెకు చెప్పాడు.

"అభ్యంతరం ఉందండి" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శేషఫణి.

ఆయనది రాజమండ్రి. రాష్ట్రం ఏర్పడ్డాక ఇక్కడికి బదిలీ మీద వచ్చాడు. మారెన్నను అరెస్టు చేసింది ఆయనే. నివేదిక మీద ఉన్న రెండు సంతకాల్లో ఒకటి ఆయనది.

"ఏమిటి అభ్యంతరం?"

"ఇందులో సాక్షుల పేర్లున్నాయండి. బయటపడితే వాళ్ల ప్రాణాలకు పూచీ ఎవరు?"

దావీదురాజు నివేదికను తన గదిలోకి తీసుకుపోయి చదివాడు. తరువాత కంబగిరిని పిలిచాడు. కంబగిరి సి.ఐ.డి.లో పనిచేసి మానేసిన డిటెక్టివ్. ట్రిబ్యునల్ తరఫున ఎంక్వయిరీలు చూస్తాడు. స్వస్థలం పత్తికొండ.

"ఐదుగురు సాక్షులు. నలుగురు ఒకటే చెప్పారు. తెల్లారి మారెన్న పారతో కట్ట మీద ఉన్నాడని. ఐదో మనిషిది చూడు" అని జడ్జి ఒక కాగితం అందించాడు.

కంబగిరి చదివాడు.

"సాక్షి హంపమ్మ. ఆ దినమున మేఘములలో ఉరుము వినబడెనని చెప్పినది. రిమార్కు: ఇది వాతావరణ విషయము. ఆ వారమంతయు ఆకాశము నిర్మలముగా నున్నట్లు తాలూకా కచేరీ లెక్కలు చెప్పుచున్నవి. ఈ సాక్షి మాట నమ్మదగినది కాదు."

కింద శేషఫణి సంతకం, దాని పక్కన ఓవర్సీరు వీరభద్రప్ప సంతకం ఉన్నాయి.

"ఇందులో దాచాల్సింది నీకేమైనా కనపడిందా?"

"లేదు సార్."

"నాకూ కనపడలేదు. అదే నాకు అర్థం కావడం లేదు. వాళ్లు చెప్పే ముప్పు నిజమేనా అన్నది చూసి రా. శుక్రవారం తీర్పు చెబుతాను."

*

హంపమ్మ ఇల్లు చెరువు మరవకు ఎదురుగా మిట్ట మీద ఉంది. మరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే రాతిగోడ. ఇల్లు మిట్ట మీద ఉంది కాబట్టే ఆమె బతికింది. ఆమె కొడుకు దిగువ వాడలో ఉండేవాడు. అతను పోయాడు.

కంబగిరి వెళ్లేసరికి ఆమె జొన్నరొట్టె తడుతోంది. చెయ్యి ఆపలేదు.

"యా ఊరప్పా నీది?"

"పత్తికొండ, అవ్వా. కర్నూలు నుంచి వస్తాండా. కట్ట తెగిన దినం నువ్వు ఆఫీసర్లకు ఏం చెప్పినావో ఇనాలని."

"మల్లా అదేనా? అప్పుడే చెప్పినా కదప్పా. రాసుకున్యారు. సర్కారోల్లు రాసుకున్యాక మల్లా నన్నడిగేది ఏముండాది?"

"రాసుకున్నది చూసినా. నీ నోట ఇందామని వచ్చినా."

"కాగితంలో ఉండేది నా నోట్లో ఉండేది ఒకటే కాదా?" అని ఆమె నవ్వింది. "సరే ఇను. మబ్బులో లేసినా. జొన్నలు ఇసరాల గదా. తిరగలి కాడ కూచున్యా. మరవ కాడ ఉరిమినట్ల ఇనపడె. ఇల్లు అదిరె. దూలం మీంచి మన్ను రాలె. ఆమైన నీళ్ల సద్దు. అంతే."

కంబగిరి నీళ్లు తాగుతున్న చెంబు కింద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పవ్వా. ఎప్పుడు లేసినావు?"

"మబ్బులో. కోడి ఇంకా కూయలే."

"ఆ పొద్దు మోడం ఉన్యాదా?"

"మోడం యాడిదప్పా! సుక్కలు కనపడ్తాంటే."

కర్నూలు పడమటి తాలూకాల్లో పుట్టినవాడికి ఇందులో వింత లేదు. ఆ పక్క ఆకాశంలో పట్టేది మోడం. మబ్బు అంటే తెల్లారకముందు ఉండే చీకటి. హంపమ్మ చెప్పింది వాన సంగతి కాదు. ఇంకా చీకటి ఉండగా, చుక్కలున్న ఆకాశం కింద, మరవ దగ్గర ఉరిమిన చప్పుడు విన్నానని చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసి ఉంటే అది కేసు మొత్తానికి ముఖ్యమైన సాక్ష్యం. రాజమండ్రి మనిషి దాన్ని మేఘం అని రాసుకున్నాడు. ఏడు నెలలుగా అది లక్క కింద ఉంది. తప్పు రాశారని చెప్పగలిగిన ఒక్క మనిషికి ఆ కాగితం చూపించినవాడు లేడు. ఆమె మాత్రం తన మాట సర్కారు దగ్గర భద్రంగా ఉందని నమ్ముతోంది.



"సుక్కలుంటే ఉరుము యాడనుంచి వచ్చెనని నువ్వు అడగలేదా?"

"అడిగితి. ఆ పోలీసాయప్ప నవ్వె. పక్కన కూచున్న ఓర్సీరు నవ్వలే."

"ఆ ఓవర్సీరుది యాడ?"

"ఆలూరు తట్టు. మన మాదిరే మాట్లాడ్తాడు."

కంబగిరి లేచాడు. "అవ్వా, నీ పేరు బయటికొస్తే ఇబ్బందని కొందరంటాండారు. నువ్వు కర్నూలుకు రావాల్సిన పనిలేదు. నేను చూసుకుంటా."

హంపమ్మ రొట్టె తిప్పింది. 

*

మరవ ఉన్నచోట ఇప్పుడు గండి ఉంది. రాళ్లు వాగులో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిలో కొన్ని మనిషి ఎత్తువి. ఒక రాయినైతే పిలిస్తే వినపడనంత దూరం వాగు ఈడ్చుకుపోయి రేగుచెట్ల మధ్య నిలబెట్టింది. కంబగిరి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విజయనగరం రాజుల నాటి మరవ అది అని ఊళ్లో చెప్పుకుంటారు. అన్నాళ్లు నీళ్లను ఆపిన రాయి అది. దాన్ని ఇంతదూరం తెచ్చిన నీళ్లకు ఎదురుగా మారెన్న పార పట్టుకుని నిలబడ్డాడు.

కంబగిరి రాళ్లను ఒక్కొక్కటిగా చూస్తూ వాగులో పైకి నడిచాడు. గండికి దగ్గరగా అడ్డం పడి ఉన్న ఒక జంటరాయి దగ్గర ఆగి, మోకాళ్ల మీద కూర్చుని, అంచును చేత్తో తడిమాడు.

"మీ సీమలో రాళ్లు కూడా వాంగ్మూలం ఇస్తాయా కంబగిరిగారూ?"

గట్టు మీద శేషఫణి ఉన్నాడు. కింద జీపు ఆగి ఉంది.

"అడగడం తెలిస్తే ఇస్తాయి. దిగి రండి."

"పూర్తయిన కేసండీ ఇది. కోర్టు శిక్ష వేసింది. మీరొచ్చి వాగులో పాకుతున్నారు. మనిషి పారతో దొరికాడు. ఇంకేం కావాలి మీకు?"

"తెగిన కట్ట పూడ్చడానికి కూడా పారే కావాలి."

శేషఫణి దిగి వచ్చాడు. కంబగిరి చూపించాడు. రాయి అంచున బొటనవేలు పట్టేంత గాడి ఉంది. గుండ్రంగా, తిన్నగా ఒక రాతిలోంచి రెండో రాతిలోకి సాగింది. అడుగున మసి ఉంది.

"రాయి కొట్టినప్పుడు పడిన గాడి. ఏ క్వారీలో చూసినా ఉంటుంది."

"ఉంటుంది. కడప జిల్లాలో ముగ్గురాయి గనుల దొంగతనం కేసు చూసినప్పుడు ఇట్లాంటివి రోజూ చూశాను. రాతికి బెజ్జం వేస్తారు, దాన్నే తమరు కొట్టడం అంటారు, అందులో మందు కూరి పేలుస్తారు. ఈ మరవ కట్టినవాళ్లు మందు వాడలేదు. మేకులు దిగ్గొట్టి చీల్చారు. ఆ గుంటలు చదరంగా ఉంటాయి. అదిగో ఆ రాయికి చూడండి."

"ఎవరో తర్వాత వచ్చి కొట్టి ఉండొచ్చు. కట్ట తెగాక."

"ఇవి రెండు రాళ్లు. మధ్యన సున్నం ఇంకా పట్టుకునే ఉంది. గాడి పై రాతిలో మొదలై, సున్నం గుండా పోయి, కింది రాతిలో ముగిసింది. రాళ్లు గోడలో నిలబడి ఉండగా పైనుంచి కొట్టిన తమరు ఇది. ఇట్లా అడ్డం పడ్డాక కొట్టాలంటే ఆ మనిషి పడుకుని కొట్టాలి."

శేషఫణి కూర్చున్నాడు. వేలు పెట్టి గాడి వెంబడి తీశాడు. సున్నం దగ్గర వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంచాడు.

"ఎవరికి లాభం?" అన్నాడు చివరికి. గొంతులో ముందటి వెటకారం లేదు.

కంబగిరి చెరువు ఎగువకు చూపించాడు. అక్కడ నిరుడు నీళ్లుండేవి. ఇప్పుడు నాగలి చాళ్లున్నాయి. "ఆసామి చెన్నబసప్ప పొలాలు. చెరువు నిండితే మునిగేవి. మరవ రెండడుగులు దించితే చాలనుకుని ఉంటారు. అన్ని నీళ్ల ముందు గోడను కదిలిస్తే రెండడుగులతో ఆగదు."

"అంత పేలుడు జరిగితే ఎవరూ వినలేదా? ఐదుగురిని విచారించానండి నేను. ఒక్కరు చెప్పలేదు."

"ఒకరు చెప్పారు. మీరే రాసుకున్నారు."

"ఎవరు? ఏం చెప్పారు?"

"శుక్రవారం మీ ఓవర్సీరును వెంటబెట్టుకు రండి" అని కంబగిరి వాగులో నడిచి వెళ్లిపోయాడు.

*

శుక్రవారం హాలు నిండింది. వెనక వరుసలో బూదిగుంట ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మధ్య హంపమ్మను చూసి కంబగిరి తల తిప్పుకున్నాడు. వరండాలో చెన్నబసప్ప కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అతని వెంట నలుగురు మనుషులున్నారు.

"సాక్షుల రక్షణ గురించి ఇన్‌స్పెక్టరు చెప్పింది నేను తోసిపుచ్చలేను. దీని మీద నీ మాట ఏమిటి?" అని జడ్జి కంబగిరిని అడిగాడు.

"నివేదిక ముట్టుకోకుండా ఓవర్సీరును నాలుగు మాటలు అడుగుతాను సార్."

వీరభద్రప్ప లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన కండువా. ఆఫీసు తెలుగులో మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాడు.

"మీ స్వగ్రామం?"

"ఆలూరు తాలూకాలో ఒక పల్లెటూరండి."

"చిన్నప్పుడు ఇంట్లో జొన్నలు ఇసిరేది ఎవురు?"

ఎవరో నవ్వారు. శేషఫణి కూడా చిరాగ్గా చూశాడు.

"మా అమ్మ."

"శానా మందికి ఇసరాల్నా?"

"తొమ్మిది మందిమి. అందరికీ ఆయమ్మ ఒక్కతే." వీరభద్రప్ప మొహం కొంచెం తేటపడింది.

"యాళకు అందేదా మరి?"

"అందకేమప్పా! ఆయమ్మ మబ్బులోనే లేసి..."

ఆగిపోయాడు.

హాల్లో సగంమంది ముందుకు వంగారు. మిగతా సగంమంది వాళ్లను చూశారు. పడమటి తాలూకాల వాళ్లు ఎవరో, కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు ఎవరో ఆ క్షణంలో వేలు పెట్టి చూపించవచ్చు.

"మబ్బులో అంటే?" అన్నాడు కంబగిరి.

వీరభద్రప్ప కండువాను ఇంకోసారి మడిచాడు.

"మబ్బులో అంటే ఎప్పుడో జడ్జిగారికి చెప్పండి. ఆయనకు తెలియదు. ఇన్‌స్పెక్టరుగారికీ తెలియదు. మీకు తెలుసు."

"మబ్బంటే మేఘం కదండీ?" శేషఫణి లేచి నిలబడ్డాడు. అడిగింది కంబగిరిని. చూస్తున్నది వీరభద్రప్పను.

"ఈడ కాదు. తెల్లారకముందు ఉండే చీకటి" అన్నాడు వీరభద్రప్ప.

శేషఫణి పెదవులు కదిలాయి. తను రాసిన వాక్యాన్ని లోపల చదువుకుంటున్నట్టుంది. తరువాత ఆయన గొంతు హాలంతా వినపడింది.

"నేను మేఘం అని రాస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు. సరిగ్గా రాశానా అని అడిగాను కూడా. సరిగ్గా ఉంది సార్ అన్నావు. రిమార్కు నువ్వే చెప్పావు. దీన్ని గోప్యంగా ఉంచమని పైకి రాద్దామన్నదీ నువ్వే."

వీరభద్రప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు.

జడ్జి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అయినా సాక్షి ప్రాణం సంగతి ఉంది. ఆ మనిషి పేరు ఈ కాగితంలో..."

"హంపమ్మ" అంది వెనకనుంచి ఒక గొంతు.

అందరూ తిరిగారు. హంపమ్మ నిలబడి ఉంది.

"నా పేరే సామీ. దాయమని నేనడగలే. నా పేరు జెప్పి ఈళ్లెందుకు దాస్తాండారు? మబ్బులో మరవ కాడ ఉరిమె. సుక్కలున్యాయి. నా కొడుకు ఆ నీళ్లలోనే పాయ. అప్పుడూ ఇదే చెప్పినా. ఇప్పుడూ ఇదే."

ఆమె కూర్చుంది.  గుమాస్తా కలం ఆగిపోయింది. దావీదురాజు ముప్పై ఏళ్లు జడ్జిగా పనిచేశాడు. ఆయన తన కుర్చీలో ఆ ముసలమ్మ వైపు తల వంచడం కంబగిరి చూశాడు.

శేషఫణి జడ్జి వైపు తిరిగి, "నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నాడు.

ఉత్తర్వు చిన్నది. నివేదిక నకలు హులిగెమ్మకు ఇవ్వాలి. వెంటనే ఇవ్వాలి. గుమాస్తా అక్కడే రాశాడు. జడ్జి సరిచూసి సంతకం పెట్టాడు. ముద్ర పడింది. హులిగెమ్మ ఆ కాగితాలను రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, బయటికి నడిచింది.

అప్పుడు వీరభద్రప్ప నేల మీద కూర్చున్నాడు.

"ఇన్‌స్పెక్టరు సార్, నన్ను లాకప్పులో ఏయండి. ఇప్పుడే. ఆ వరండాలోకి మాత్రం పంపొద్దండి. మరవ రాళ్లకు తమరు కొట్టి, మందు పేల్చిన ఇద్దరూ ఆడ నిలబడుకోనుండారు."

కంబగిరి తలుపు వైపు చూశాడు. హులిగెమ్మ అప్పటికే గడప దాటింది. అతను పరిగెత్తాడు.

చెన్నబసప్ప కుర్చీలోంచి లేచి ఆమెకు అడ్డంగా ఉన్నాడు. కాగితాలు అతని చేతిలో ఉన్నాయి. నలుగురు మనుషులు మెట్లకు అడ్డం నిలబడ్డారు.

"దీనికా ఇన్నాళ్లు తిరిగింది? చదవను రాదు, ఏం చేసుకుంటావు?" అంటూ అతను కాగితాలను నిలువుగా చించాడు. మళ్లీ అడ్డంగా చించాడు. "ఇప్పుడేం చేస్తావు? సోమవారం గుంటూరుకు ఏం పట్టుకోని పోతావు?"

కంబగిరి ఇంకో అడుగు వేసి ఆగిపోయాడు. హులిగెమ్మ మొహం చూసి ఆగాడు. ఆమె వెనక్కి జరగలేదు. పడిన ముక్కల వైపు వంగలేదు. పొద్దుటినుంచి ఎవరు ఎదురైనా ఆమె చేతులు జోడిస్తూనే ఉంది. ఇప్పుడు జోడించలేదు.

"చించుకోప్పా" అంది. "ఇంకొకటి అడుగుతా. ఇస్తారు."

తిరిగి, హాల్లోకి నడిచింది.